పెళ్లి షూట్ అయ్యాక లెన్స్ ఎలా శుభ్రం చేసుకోవాలి

అందరికీ నమస్తే. నా చేతిలో ఉన్నది 24-70 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్. మంగళస్నానాల దగ్గర మొదలుపెట్టి తలంబ్రాల దాకా పెళ్లంతా తిరిగొచ్చింది. కొంచెం దగ్గరికి తెస్తా, చూడండి. ఈ పక్కన పసుపునీళ్ల చుక్కలు పడి ఎండిపోయాయి. మధ్యలో పల్చగా మసకలా కనిపిస్తోందే, అది హోమం దగ్గర పట్టిన నెయ్యి పొగ. ఇదిగో అంచున, అద్దానికీ రింగుకీ మధ్య సందులో, తలంబ్రాల బియ్యప్పొడి కూరుకుపోయింది.

ఇది చూడగానే ఎవరికైనా చెయ్యి చొక్కా అంచు మీదికే పోతుంది. అక్కడే ఆగాలి. ఎందుకంటే ఆ పసుపు, ఆ పొడి మధ్యలో మన కంటికి ఆనని ఇసుక కూడా ఉంటుంది. లాన్‌లో ఎదుర్కోళ్లు తీశాం, ఊరేగింపులో నడిచాం, దుమ్ము పడకుండా ఎలా ఉంటుంది? ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గట్టిదనం మోస్ స్కేలు మీద 7. మామూలు గాజుది 6 లోపే. అంటే గాజుని గీయగల రేణువు గాజు మీదే కూర్చుని ఉంది. దాని మీద ఎంత మెత్తటి గుడ్డ పెట్టి రుద్దినా ఎమిరీ పేపరు పెట్టి రుద్దినట్టే. పైగా గాజు మీద కోటింగ్ ఉంటుంది. వెలుతురు వెనక్కి కొట్టకుండా వేసే ఆ కోటింగ్‌లో ఒక పొర మందం మిల్లీమీటరులో పదివేల వంతు అటూ ఇటూ. అది గీసుకుపోతే మళ్లీ రాదు.

అందుకని ముందు గాలి. ఇది రబ్బరు బ్లోయర్, చేత్తో నొక్కేది. లెన్స్‌ని ఇలా బోర్లించి పట్టుకోండి, ఊడిన దుమ్ము కిందికే పడుతుంది. మూతి అద్దానికి తగలకుండా రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో పెట్టి గట్టిగా నొక్కండి. అద్దం కన్నా ముందు బయటి బాడీకి, జూమ్ రింగు గాడుల్లోకి కొట్టండి. లేకపోతే అద్దం తుడిచాక అక్కడి దుమ్మంతా మళ్లీ దాని మీదికే వస్తుంది. ఇది అయ్యేదాకా జూమ్ తిప్పకండి. గొట్టం ముందుకీ వెనక్కీ జరిగితే బయటి పొడి లోపలికి పోతుంది.

నోటితో ఊదితే ఉమ్మి తుంపర పడుతుంది. డబ్బాలో వచ్చే గాలి స్ప్రే వంచి కొడితే లోపలి ద్రవం చల్లగా అద్దం మీద పడి మరక కడుతుంది. పంక్చర్ షాపు గాలి పట్టించేవాళ్లు కూడా ఉన్నారు! ఆ కంప్రెసర్ గాలిలో తడి ఉంటుంది, ఆయిల్ ఉంటుంది. దయచేసి వద్దు.

సందులో ఇరుక్కున్న బియ్యప్పొడికి ఈ మెత్తటి లెన్స్ బ్రష్. అంచు వెంబడి తేలిగ్గా తిప్పుతూ మధ్యమధ్యలో గాలి కొట్టండి. కుచ్చుని వేళ్లతో ముట్టుకోవద్దు, చేతి జిడ్డు అంటుకుంటుంది.

ఇప్పుడు టార్చ్ పక్కనుంచి వేసి చూడండి. నాలుగు నలకలు మాత్రమే మిగిలితే లెన్స్ పక్కన పెట్టేయండి, పని అయిపోయింది. ముందు అద్దం మీది నలక ఫొటోలో కనపడదు. రోజూ తుడవడమే శుభ్రం అనుకునేవాళ్ల లెన్సులే ముందు పాడవుతాయి, నా అభిప్రాయం అది. జిడ్డు సంగతి వేరు. దాన్ని వదిలేస్తే స్టేజీ మీది ఎల్‌ఈడీ లైట్ల చుట్టూ తెల్లగా పొగ కమ్మినట్టు వస్తుంది.

జిడ్డుకి ఆల్కహాల్ ఉన్న లెన్స్ క్లీనింగ్ లిక్విడ్, లెన్స్ టిష్యూ. లిక్విడ్ ఎప్పుడూ అద్దం మీద వెయ్యకండి, అంచు సందులోంచి లోపలికి దిగుతుంది. టిష్యూ మీద ఒకటి రెండు చుక్కలు, ఇదిగో, ఇంత తడి చాలు. ఎండిన పసుపు చుక్క మీద దీన్ని ఊరికే ఆనించి కాసేపు ఉంచండి. నానుతుంది. చూశారా, టిష్యూకి పచ్చగా దిగింది. పసుపు రంగు నీళ్లలో సరిగా కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. మామూలు తడిగుడ్డతో తుడిస్తే అద్దమంతా పులుముకునేది అందుకే. భీమిలి బీచ్‌లో ప్రీవెడ్డింగ్ చేసి వచ్చారనుకోండి, అప్పుడు లెక్క తిరగబడుతుంది. ఉప్పు కరిగేది నీళ్లలో. టిష్యూని డిస్టిల్డ్ వాటర్‌తో కొద్దిగా తడిపి ముందు ఉప్పు తీసేసి, ఆ తర్వాతే లిక్విడ్ వాడండి.

మధ్యలోంచి మొదలుపెట్టి గుండ్రంగా తిప్పుతూ అంచుకి రండి, వేలి బరువు కూడా పడకూడదు. ఒకసారి తుడిచిన వైపుతో మళ్లీ తుడవకండి, మడత మార్చండి. నెయ్యి పొగకి రెండు మూడు టిష్యూలు పడతాయి, పిసినారితనం వద్దు. చివర్లో పొడి మైక్రోఫైబర్ గుడ్డ. ఉతికేటప్పుడు దానికి ఫ్యాబ్రిక్ కండిషనర్ పెట్టకండి, ఆ జిడ్డు అద్దానికి వస్తుంది.

జేబులో శానిటైజర్ ఉంది కదా, అదీ ఆల్కహాలే కదా అంటారు. అందులో గ్లిజరిన్, సెంటు కలుపుతారు, పొర కడుతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ఉండే ఎసిటోన్ ప్లాస్టిక్‌ని, రంగుని తినేస్తుంది. కిటికీ అద్దాల స్ప్రే కూడా వద్దు.

వెనక అద్దం చిన్నదే గానీ, దాని మీది వేలిముద్ర ముందు అద్దం మీదిదానికన్నా ఎక్కువ దెబ్బ కొడుతుంది. అదే పద్ధతి, ఇంకా తేలిక చేత్తో. కెమెరాకి ఆనే ఈ లోహపు పిన్నులకి మాత్రం పొడి గుడ్డే, లిక్విడ్ తగలనివ్వకండి.

ఇంత చేసినా లోపల సాలెగూడు పోగుల్లాగా కనిపిస్తే అది ఫంగస్. బయట ఎంత తుడిచినా పోదు, సర్వీస్ సెంటర్‌కి ఇవ్వాలి, మీరు విప్పకండి. శ్రావణమాసం ముహూర్తాలకి వానలో తిరిగిన లెన్స్‌ని తడి బ్యాగులోనే రోజుల తరబడి వదిలేస్తే వచ్చేది ఇదే. కాకినాడ, విశాఖ వైపు ఉండేవాళ్లు తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచే డ్రై క్యాబినెట్ కొనుక్కోండి. అది కుదరకపోతే గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి పెట్టండి.

క్యాపులు పెట్టేముందు వాటి లోపల కూడా ఒకసారి గాలి కొట్టండి, బియ్యప్పొడి అందులోనూ ఉంటుంది. హల్దీ రోజు లెన్స్ ముందు బిగించి వాడిన యూవీ ఫిల్టర్ అద్దాన్ని ఎలా కడగాలో వచ్చే వీడియోలో చూపిస్తాను.