పలుగురాయి, బోరు నీళ్ళు, చుక్కకూర పులుపు

అందరికీ నమస్కారం. గూడూరు వైపు పెరిగినవాళ్ళు ఈ సభలో ఒకరిద్దరైనా ఉండే ఉంటారు. అభ్రకం గనుల పక్కన గుట్టలుగా పడి ఉండే తెల్ల పలుగురాళ్ళు వాళ్ళకు గుర్తుండాలి. రాత్రి కరెంటు పోతే రెండు రాళ్ళు తీసుకుని గట్టిగా రాపాడించేవాళ్ళం. రాతి లోపల వెలుగు మెరిసేది, ఏదో మాడిన వాసన వచ్చేది. నా రాళ్ళ పిచ్చి అక్కడ మొదలైంది. బెంగళూరు వచ్చాక కూడా వదలలేదు.

ఇవాళ ఆ పలుగురాళ్ళకు పట్టిన మురికిని ఇంట్లో ఎలా వదిలించాలో చెబుతాను. ఇదిగో, ఈ పలుగు స్ఫటికం చూడండి. నా చూపుడువేలంత ఉంది. ఇటువైపు ముఖాల మీద ఇటుకరంగు మరక, అడుగున సున్నపు పెచ్చు, సందుల్లో మట్టి. మూడూ మూడు జాతుల మురికి. ఒకే మందుకు మూడూ లొంగవు. ఏది ముందు, ఏది తరువాత అన్నది తేల్చుకోకుండా బకెట్లో వేసినవారి పాట్లు ఎలా ఉంటాయో కాసేపట్లో చెబుతాను, నావే కనుక.

పలుగురాయి అంటే సిలికా. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చూపే మోస్ కొలమానంలో కాఠిన్యం 7, మామూలు ఇనుప మేకుతో గీత పడదు. మనకు దొరికే ఆమ్లాలేవీ దాన్ని ముట్టవు. కరిగించేది హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఒక్కటే. అది గాజునే తింటుంది. చర్మం మీద పడితే లోపలికి దిగి ఒంట్లోని కాల్షియాన్ని పట్టేస్తుంది, ప్రాణాలు తీస్తుంది. ఎవరు సలహా ఇచ్చినా దాన్ని ఇంటి గడప తొక్కనివ్వకండి.

మట్టి సంగతి తేలిక. రెండు మూడు రోజులు సబ్బునీళ్ళలో నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో, సందుల్లో వెదురు పుల్లతో తీస్తే వస్తుంది.

తరువాత సున్నం. వెనిగర్‌లో వేస్తే మెల్లగా, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే చురుగ్గా బుసబుస పొంగుతుంది. బుడగలు ఆగాయంటే దాదాపు పని అయినట్టే. ఈ పని ఆరుబయట, చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని చేయాలి. ఆమ్లాన్నే నీళ్ళలో పోయాలి, నీళ్ళను ఆమ్లంలో కాదు. దగ్గర్లో బ్లీచింగ్ పౌడర్ ఉండకూడదు, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. ఇంకొక మాట. నాసిక్, జల్‌గావ్ వైపు నుంచి వచ్చే రాళ్ళలో పలుగు పక్కనే స్టిల్‌బైట్, అపోఫిల్లైట్ వంటి సుకుమారమైన ఖనిజాలు అంటుకుని ఉంటాయి. ఆమ్లంలో పలుగుకు ఏమీ కాదు, వాటి అందం పోతుంది. అలాంటి రాళ్ళకు నీళ్ళు, బ్రష్షు చాలు.

ఇక ఇటుకరంగు మరక. అది ఇనుప తుప్పే. దానికి విరుగుడు ఆక్సాలిక్ ఆమ్లం. మొజాయిక్ నేలకు పాలిష్ పెట్టేవాళ్ళ దగ్గర చూసే ఉంటారు, తెల్లని పొడి. చుక్కకూరలో పులుపు కూడా దీని చలవే. అలాగని నోట పెట్టేది కాదు, ఈ మోతాదులో అది విషం. లీటరు నీళ్ళకు 80 నుంచి 100 గ్రాములు చాలు. ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత పెట్టి, పిల్లలకు అందని చోట రోజులు, అవసరమైతే వారాలు ఉంచాలి. మరిగిస్తే త్వరగా పోతుందంటారు, కానీ ఆ ఆవిరి పీల్చడం మంచిది కాదు. వేడిలో ఉన్న స్ఫటికాన్ని చన్నీటి కుళాయి కింద పెడితే టప్పున బీట వేస్తుంది. అదీ ఒకటి పోగొట్టుకున్నాకే తెలిసింది.

మొదటిసారి నేను సున్నం తీయకుండానే రాళ్ళను ఈ ద్రావణంలో వేశాను. పైగా కలిపింది మా బోరు నీళ్ళతో. బకెట్ల అంచున తెల్లని పొక్కు కట్టించే నీళ్ళవి, మీలో చాలామంది ఇళ్ళలోనూ అవే. పొడి కరుగుతుండగానే నీళ్ళు పాలలా విరిగాయి. వారానికి తీసి చూస్తే స్ఫటికాల మీద తెల్లని పొర. సున్నంలోనూ బోరు నీళ్ళలోనూ ఉన్న కాల్షియం, ఆక్సాలిక్ ఆమ్లం కలిస్తే కాల్షియం ఆక్సలేట్ అవుతుంది. నీళ్ళలో కరగదు. మూత్రపిండాల్లో రాళ్ళు చాలావరకు అవే, కందకు దురద పెట్టే సూదులూ అవే. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు, నాకు మాత్రం ఆ దురద తీరడానికి నెల పట్టింది. ఇప్పుడు బ్యాటరీల్లో పోసే శుద్ధ జలం వాడుతున్నాను. పట్టి ఉంచిన వాన నీరైనా పరవాలేదు.

రెండోసారి డబ్బాను డాబా మీద ఎండలో పెట్టాను, వెచ్చగా ఉంటే పని త్వరగా అవుతుందని. ద్రావణంలోకి దిగిన ఇనుము వెలుగు తగిలితే మారిపోయి, పసుపుపచ్చని పొడిగా రాళ్ళ మీదే కూర్చుంటుంది. కాబట్టి చీకటి మూల మేలు. మరక పోయాక ఎన్ని రోజులు ఆమ్లంలో ఉంచారో కనీసం అన్ని రోజులు మంచినీళ్ళలో, నీళ్ళు మారుస్తూ నానబెట్టండి. పగుళ్ళలో దాగిన ఆమ్లం ఆలస్యంగా బయటపడుతుంది. వాడిన ద్రావణంలో పొంగు ఆగేదాకా వంటసోడా వేశాకే పారబోయాలి.

పోయినసారి ఒక అక్కయ్య అడిగారు, ఊదా పలుగురాయి అయిన అమెథిస్ట్‌ను ఇలా కడిగితే ఊదా రంగు పోతుందా అని. పోదు. ఆ రంగుకు కారణమైన ఇనుము స్ఫటికం అల్లికలోనే ఉంది, ఆమ్లం అక్కడికి చేరలేదు. ఏళ్ళ తరబడి పడే ఎండ మాత్రం ఆ రంగును వెలవెలబోయేలా చేస్తుంది. మీ అమెథిస్ట్ కిటికీ గూట్లో ఉంటే ఇవాళే తీసి లోపల అలమరలో పెట్టండి.