లోతు తగ్గిందా, లెక్కలు తగ్గాయా?

అక్క: అందరికీ నమస్కారం. కిందటి ఎపిసోడ్ చివర్లో మా తమ్ముడు, ఇప్పటి ఫాంటసీ ఆర్‌పీజీల్లో, అంటే మన పాత్రను పెంచుకుంటూ ఆడే వీడియో గేముల్లో, పాతవాటంత పస లేదని ఓ మాట అనేశాడు. ఈరోజు ఆ సంగతి తేల్చుకుందాం. చెప్పరా.

తమ్ముడు: ఎల్డర్ స్క్రోల్స్ సిరీస్‌నే తీసుకో అక్కా. 2002లో వచ్చిన మోరోవిండ్‌లో 27 స్కిల్స్, అంటే మన పాత్ర నేర్చుకునే విద్యలు. 2006లో ఆబ్లివియన్‌కి వచ్చేసరికి 21. 2011 నాటి స్కైరిమ్‌లో 18. మొదటి రెండిట్లో స్ట్రెంగ్త్, ఇంటెలిజెన్స్ లాంటి 8 ఆట్రిబ్యూట్లు ఉండేవి. స్కైరిమ్‌లో వాటిని మొత్తానికే ఎత్తేశారు. మన మంత్రం మనమే తయారు చేసుకునే వీలు కూడా పోయింది.

అక్క: అంకెలు తగ్గినంత మాత్రాన లోతు తగ్గినట్టేనా? 2000లో వచ్చిన బాల్డర్స్ గేట్ 2 చూడు. అందులో ఆర్మర్ క్లాస్ అనే అంకె ఎంత తక్కువైతే మన పాత్రకు అంత రక్షణ. ఆ లెక్క తలకెక్కడానికే టైమ్ పడుతుంది. దాన్ని తిరగేసి, ఎక్కువుంటేనే మంచిదని పెట్టినా ఆటలో తేడా రాదు. అది ఉత్త తికమక.

తమ్ముడు: అది నిజమే. కానీ మోరోవిండ్‌లో టార్హీల్ గుర్తున్నాడా? సెయ్డా నీన్ ఊరు దాటి కాస్త నడవగానే, కేకలు పెడుతూ ఆకాశంలోంచి పడి చచ్చిపోతాడు. వాడి దగ్గర మూడు స్క్రోల్స్, అంటే చదివితే పనిచేసే మంత్రాల చుట్టలు ఉంటాయి. ఒకటి చదివితే 7 సెకన్లపాటు అక్రోబాటిక్స్ అనే గెంతే స్కిల్ ఏకంగా 1000 పెరుగుతుంది. గెంతితే ఊళ్లకు ఊళ్లు దాటిపోతాం. కానీ మనం గాల్లో ఉండగానే ఆ 7 సెకన్లు అయిపోతాయి.

అక్క: నేల తాకేముందు రెండోది చదవాలి!

తమ్ముడు: అదీ! ఆ స్కిల్ పెరిగితే గెంతూ పెరుగుతుంది, పడ్డప్పుడు దెబ్బా తగ్గుతుంది. మనల్ని ఎగరేసేదీ కాపాడేదీ ఒకే నియమం. నాకు నచ్చే లోతు అదే.

అక్క: అలాంటివి కొత్తవాటిలోనూ ఉన్నాయిరా. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3లో శత్రువు మీద నీళ్ల సీసా విసిరి, ఆ తడి మీద మెరుపు మంత్రం వేస్తే దెబ్బ రెట్టింపు. శవాలతో మాట్లాడే మంత్రమైతే నాకు మరీ ఇష్టం. నువ్వే చంపినవాడి శవాన్ని అడిగితే నోరు విప్పదు. వేషం మార్చుకుని వెళ్లి అడిగితే చెబుతుంది. ఎంత ఆలోచించి పెట్టారో చూడు!

తమ్ముడు: బాగుంది. అయినా నా బాధ ఒకటి మిగిలే ఉంది. మోరోవిండ్‌లోని మంత్రగాళ్ల సంఘం మేజెస్ గిల్డ్‌లో తగిన స్కిల్ లేకపోతే ప్రమోషన్ ఇవ్వరు, వెళ్లి నేర్చుకుని రమ్మంటారు. స్కైరిమ్‌లో మంత్రాలు అంతంతమాత్రంగా వచ్చినా ఆర్చ్‌మేజ్, అంటే మంత్రగాళ్లకు పెద్ద, అయిపోవచ్చు. ఆ పదవికి విలువేముంది?

అక్క: అక్కడ మాత్రం నీదే నిజం. కాదు అని చెప్పడం ఆటలు మానేశాయి. దారి కనుక్కోవడం కూడా అంతే. మోరోవిండ్‌లో కైయస్ కొసాడెస్ అనే పాత్రని కలవాలంటే బాల్మోరా ఊరికి వెళ్లి, సౌత్ వాల్ అనే చోట అడగాలి. మ్యాప్ మీద బాణం గుర్తు ఉండదు.

తమ్ముడు: స్కైరిమ్‌లో దారి చూపే గుర్తులుంటాయి. అవి తీసేసి ఆడొచ్చుగా అంటారు కొందరు. తీసేస్తే ఎటు వెళ్లాలో చాలా క్వెస్టుల్లో, అంటే ఆటలో మనకిచ్చే పనుల్లో, ఆటలోని జర్నల్‌లో రాసి ఉండదు. ఎవరినీ అడిగే వీల్లేదు.

అక్క: ప్రతి మాటా నటులతో చెప్పించాల్సి వచ్చాక, దారి చెప్పే మాటల మీదే ముందు కత్తెర పడిందని నా అనుమానం. మీరేమంటారో వాయిస్ మెసేజ్ పంపండి, వచ్చేవారం వినిపిస్తాం.