ఇండియానాలో గంట ఎక్కడ మారుతుంది?

[తెరపై: ఇండియానా పటం. వాయవ్య, నైరుతి మూలలు వేరే రంగులో కనిపిస్తాయి.]

వ్యాఖ్యానం: అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో 92 కౌంటీలు ఉన్నాయి. వాటిలో 80 ఈస్టర్న్ టైమ్‌ను, మిగిలిన 12 దానికంటే ఒక గంట వెనకుండే సెంట్రల్ టైమ్‌ను పాటిస్తాయి. ఆ పన్నెండూ ఒకేచోట లేవు. ఆరు చికాగో పక్కన వాయవ్య మూలనా, ఆరు ఎవాన్స్‌విల్ చుట్టుపక్కల నైరుతి మూలనా ఉన్నాయి.

సూర్యుణ్ణి అడిగితే ఈ విభజనే ఉండకూడదు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కనుక ఈస్టర్న్ టైమ్‌కు 75 డిగ్రీల పశ్చిమ రేఖాంశం, సెంట్రల్ టైమ్‌కు 90 డిగ్రీల రేఖాంశం ఆధారం. కాకినాడ సమీపం నుంచి వెళ్లే 82.5 డిగ్రీల తూర్పు రేఖ మన దేశ సమయానికి ఆధారమైనట్టే. రాజధాని ఇండియానాపోలిస్ ఉన్నది 86 డిగ్రీల దగ్గర. ఆ మాటకొస్తే రాష్ట్రం మొత్తం 90 డిగ్రీల రేఖకే దగ్గర. అయినా రాజధాని ఈస్టర్న్ టైమ్‌లో ఉండటం వల్ల, గడియారాలను ఒక గంట ముందుకు జరిపే వేసవిలో అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారం సుమారు ఒంటిగంటా ముప్పావు చూపిస్తుంది.

[తెరపై: పాత రైల్వే స్టేషన్ గడియారం.]

ఈ జోన్లను మొదట 1883 నవంబరు 18న అమలు చేసినవి రైల్వే కంపెనీలు. వాటికి చట్టబద్ధత 1918లో వచ్చింది. హద్దును జరిపే అధికారం 1967 నుంచి ఫెడరల్ రవాణా శాఖ చేతిలో ఉంది. ఒక కౌంటీ మార్పు కోరినప్పుడు ఆ శాఖ చూసేది వాణిజ్య సౌలభ్యం: అక్కడి జనం ఏ ఊరికి ఉద్యోగాలకు వెళతారు, సరుకులు ఎక్కడినుంచి వస్తాయి, ఏ నగరపు టీవీ వార్తలు చూస్తారు, విమానం ఎక్కడ ఎక్కుతారు అన్నవే ప్రశ్నలు.

2006 వరకు ఈ రాష్ట్రంలో అధిక భాగం వేసవిలో గడియారాలను ముందుకు జరిపేదే కాదు. 2005లో చేసిన రాష్ట్ర చట్టంతో 2006 ఏప్రిల్ నుంచి అందరూ జరపక తప్పలేదు. అదే సమయంలో ఎనిమిది కౌంటీలు సెంట్రల్ టైమ్‌లోకి వెళ్లాయి. అయితే పులాస్కీ కౌంటీ 2007 మార్చిలోనూ, నైరుతి దిక్కునున్న మరో ఐదు అదే ఏడాది నవంబరులోనూ తిరిగి ఈస్టర్న్‌కు వచ్చేశాయి. స్టార్క్, పెర్రీ మాత్రమే ఆ మార్పుకు కట్టుబడ్డాయి. పొరుగు కౌంటీతో గడియారం కలవకపోవడం ఎంత ఇబ్బందో అనుభవిస్తేగాని తెలియదని నా అభిప్రాయం.

[తెరపై: లఫయెట్ నుంచి చికాగో వెళ్లే హైవే.]

పర్డ్యూ విశ్వవిద్యాలయంలో చదివే మన విద్యార్థులకు ఇది తెలిసిన సంగతే: ఉదయం ఎనిమిదికి బయలుదేరి రెండు గంటలు ప్రయాణిస్తే, చికాగోలో తొమ్మిదే అవుతుంది. చలికాలంలో వాళ్లకూ హైదరాబాద్‌కూ పదిన్నర గంటల తేడా ఉంటే, అదే రాష్ట్రంలోని గ్యారీలో ఉన్నవారికి పదకొండున్నర.

గడియారాలు మార్చే రాత్రి మరీ విచిత్రం. ప్రతి జోనూ తన స్థానిక సమయం తెల్లవారుజామున రెండింటికి మారుతుంది. అందుకే మార్చిలో ఒక గంటసేపు రెండు భాగాల మధ్య తేడా రెండు గంటలకు పెరుగుతుంది, నవంబరులో ఒక గంటసేపు తేడా అసలే ఉండదు.

ఎన్నికల రోజున పోలింగ్ స్థానిక సమయం సాయంత్రం ఆరింటికి ముగుస్తుంది కనుక, ఇండియానాపోలిస్‌లో ఓట్ల లెక్కింపు మొదలయ్యే వేళకు గ్యారీ, ఎవాన్స్‌విల్ ఓటర్లకు ఇంకా గంట సమయం మిగిలి ఉంటుంది.