దబ్బనం పోటుతో వచ్చిన పదవి

శ్రోతలందరికీ నమస్కారం. నేను ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊళ్లో ఉంటున్నాను, వచ్చి పద్నాలుగేళ్లు దాటింది. ఇవాళ మా పక్కింటావిడ గురించి చెప్తాను. ఆవిడకి అరవై ఏడేళ్లు. ప్రతి శనివారం పొద్దున చర్చి హాల్లో ఫుడ్ బ్యాంక్ నడుపుతుంది, అంటే ఇల్లు గడవనివాళ్లకి కొన్ని రోజులకి సరిపడా సరుకులు ఊరికే ఇచ్చే చోటన్నమాట. నేనూ వెళ్తుంటాను. నా పనల్లా డబ్బాల మీద ఎక్కడో చీమ తలకాయంత ఉండే ఎక్స్‌పైరీ తేదీ వెతికి, నల్ల మార్కర్‌తో పెద్దగా రాయడం. అలా రాస్తుంటే ఒకరోజు ఆవిడ, టీ తాగుతావా అని అడిగినంత మామూలుగా, "వచ్చే ఏడాది ఈ కౌంటీకి హై షెరీఫ్‌ని నేనే" అంది.

షెరీఫ్ అనగానే నాకు గుర్రం, తుపాకీ, ఛాతీ మీద నక్షత్రం, చిన్నప్పుడు చూసిన కౌబాయ్ సినిమాలన్నీ గుర్తొచ్చాయి. అది అమెరికా షెరీఫ్. ఇంగ్లండ్ షెరీఫ్ అతనికి ముత్తాత. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, దాని పాత పేరు షైర్. రీవ్ అంటే రాజుగారి తరఫున పనులు చూసే అధికారి. షైర్ రీవ్ జనం నోట్లో నలిగి నలిగి షెరీఫ్ అయింది. వెయ్యేళ్లు పైబడిన పదవి ఇది. పన్నుల వసూలు, దొంగల వేట, యుద్ధమొస్తే సైన్యాన్ని పోగుచెయ్యడం, అన్నీ ఒకప్పుడు ఆయన చేతిలోనే ఉండేవి. ఎంత పెత్తనం చేసుంటారో గానీ, రాబిన్ హుడ్ కథల్లో విలన్‌గా మిగిలింది నాటింగ్‌హామ్ షెరీఫే, రాజు అధికారానికి హద్దులు గీసిన 1215 నాటి ఒప్పందం మాగ్నా కార్టాలో షెరీఫ్‌లకి ముకుతాడు వేసే షరతులూ ఉన్నాయి. తర్వాత తర్వాత సైన్యం పని 16వ శతాబ్దంలో లార్డ్ లెఫ్టినెంట్ అనే ఇంకో పదవికి పోయింది, దొంగల్ని పట్టడం పోలీసులకి పోయింది, చివరికి వేడుకల్లో వేసుకునే కోటు మిగిలింది.

మన దగ్గర 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్స్‌తో కరణాల్నీ మునసబుల్నీ తీసేసింది, ఆ గొడవ పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఇక్కడివాళ్ల పద్ధతి వేరు. పదవిని తియ్యరు, అందులో ఉన్న అధికారాన్ని వందల ఏళ్లపాటు చెంచాతో తోడేసి, గిన్నెని మాత్రం తోమి అల్మారాలో పెట్టుకుంటారు. అన్నట్టు ఈ గిన్నెలు మన దేశానికీ తెచ్చారు, మద్రాసు, బొంబాయి, కలకత్తాలకి షెరీఫ్‌లు ఉండేవాళ్లు, 1980లో బొంబాయి షెరీఫ్ ఎవరనుకున్నారు, దిలీప్ కుమార్!

నాకు బాగా నచ్చింది ఎంపిక తతంగం. ఏటా నవంబర్ 12న లండన్ హైకోర్టు భవనంలో ఒక్కో కౌంటీకి మూడేసి పేర్లు చదువుతారు, రాబోయే మూడేళ్లకి వరుసలో ఉన్నవాళ్లన్నమాట. మార్చిలో ఆ పేర్ల చుట్ట రాజుగారి ముందుకి వెళ్తుంది. ఆయన సంతకం పెట్టడు, టిక్కూ పెట్టడు. వెండి దబ్బనం తీసుకుని పేరు పక్కన పొడుస్తాడు. ఎందుకంటే తోలు మీద రాసిన సిరాని గీకేసి పేరు మార్చొచ్చు, చిల్లుని పూడ్చలేరు. మొదటి ఎలిజబెత్ రాణి తోటలో కుట్టుపని చేసుకుంటూ, కలం దగ్గర లేక దబ్బనంతో పొడిచిందని ఓ కథ కూడా చెప్తారు. కథ బాగుంది గానీ, ఆవిడ తాతగారి కాలం నాటి చుట్టల్లోనే చిల్లులున్నాయి.

ఆ మార్చిలోనే మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. సంగతంతా విని, "జీతం ఎంతట?" అంది. లేదన్నాను. "కారు?" సొంతదే. "పోనీ ఖర్చులైనా?" అవీ సొంతానివే. "మరెందుకే ఆ పదవి?"

నా దగ్గర సరైన జవాబు లేదు. ఏడాదిపాటు జడ్జీలు, పోలీసులు, జైలు ఉద్యోగులు, ఆపదలో ఆదుకునే వలంటీర్లు, వీళ్లందరి దగ్గరికీ వెళ్లి, వాళ్లు చేసేది చూసి, రాజుగారి తరఫున మీకు ధన్యవాదాలు అని చెప్పాలి. 2022 సెప్టెంబర్‌లో చార్లెస్ రాజయినప్పుడు కౌంటీల్లో ఆ ప్రకటన చదివింది హై షెరీఫ్‌లే. అధికారం ఏమీ లేదు కాబట్టే జనం వీళ్ల ముందు మనసు విప్పి మాట్లాడతారని పక్కింటావిడ అంటుంది, ఏమో, నిజమే కావచ్చు. కానీ ఖర్చంతా సొంతంగా పెట్టుకోవాలంటే ఈ పదవి ఎన్నాళ్లూ ఎస్టేట్లున్నవాళ్ల ఇళ్ల చుట్టూనే తిరుగుతుంది కదా, డబ్బాలు సర్దే మనిషికి రావడం ఇప్పటికీ అరుదే. ఖర్చులకి ఏదో ఒకటి ఇవ్వండయ్యా బాబూ అని నాకనిపిస్తుంది. ఆవిడతో అంటే, "జీతమిస్తే ఉద్యోగమైపోతుంది" అని నవ్వేసింది. నాకు ఆ జవాబు నచ్చలేదు.

ఖర్చు సంగతి కోటు దగ్గరే తెలిసింది. ఆడవాళ్లకి నల్ల వెల్వెట్ కోటు, మెడ దగ్గర లేసు, ఈకల టోపీ. కొత్తది కుట్టించాలంటే తడిసి మోపెడవుతుంది. అందుకని అంతకు ముందు పదవి చేసినావిడ దగ్గర ఎరువు తెచ్చుకుంది. వేసుకుంటే చేతులు వేళ్ల దాకా వచ్చేశాయి. ప్రమాణానికి నాలుగు రోజులుంది, టైలర్ రెండు వారాలన్నాడు, ఆవిడకి టెన్షన్. మా అమ్మ కళ్లజోడు సర్దుకుని, కోటు ఒళ్లో వేసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ చెయ్యి చాపితే అమ్మ మణికట్టు దగ్గర గుండుసూది గుచ్చి, "ఇక్కడికా?" అంటుంది, ఆవిడేమో "ఎస్, ఎస్" అంటుంది.

ప్రమాణం రోజున జడ్జిగారి ముందు ఆవిడ కాగితం చదువుతుంటే మా అమ్మ ఆవిడ ముఖం వైపు చూడలేదు, కోటు చేతులే చూస్తూ కూర్చుంది. తరువాతి శనివారం ఫుడ్ బ్యాంక్‌లో, క్యూలో ఉన్న ఒకాయన "షెరీఫ్‌వి కదా, నన్ను అరెస్టు చేస్తావా?" అన్నాడు. "ముందు బీన్స్ డబ్బా కావాలో వద్దో చెప్పు" అంది ఆవిడ.

కోటు వచ్చే ఏప్రిల్‌లో వెనక్కిచ్చెయ్యాలి. అమ్మ గుడ్డ కత్తిరించలేదు, లోపలికి మడిచి పెద్ద పెద్ద కుట్లు వేసింది. దారం కొస పట్టి లాగితే మొత్తం ఊడొస్తుందట, ఆ కొస ఎక్కడుందో నాకు చూపించి మరీ విమానం ఎక్కింది.