పొలం కింద సముద్రం

మిత్రులారా, నా చేతిలోని ఈ ఆల్చిప్పను చూడండి. గోదావరి డెల్టాలో బావి తవ్వుతుండగా దొరికింది. రెండు చిప్పలూ ఇంకా మూసుకునే ఉన్నాయి. ఎవరో తిని పారేసినదైతే చిప్పలు విడిపోయేవి. అల విసిరికొట్టినదైతే అంచులు అరిగేవి. ఇది బురదలో బతికి, ఆ బురదలోనే పూడిపోయింది. అంటే ఆ బావి ఉన్న చోట ఒకప్పుడు ఉప్పునీరు!

సుమారు 20,000 ఏళ్ల కిందట, మంచుయుగంలో, సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. మంచు కరిగేకొద్దీ నీరు పైకొచ్చింది. ఆరేడు వేల ఏళ్ల కిందట ఆ పెరుగుదల నెమ్మదించేసరికి కొల్లేరు దాకా కడలే. నేడు తీరానికి సుమారు 30 కిలోమీటర్ల లోపల ఉన్న ఆ సరస్సు ఆనాటి ఉప్పుకయ్య, అంటే కడలిని ఆనుకున్న ఉప్పునీటి మడుగు.

తర్వాత సముద్రం వెనక్కి తగ్గిందని అంటుంటారు. నాకు ఆ మాట నచ్చదు. గోదావరి, కృష్ణ తెచ్చిన ఒండ్రు నేలను ముందుకు జరిపింది; ఆ పేరు నదులకే దక్కాలి. కోనసీమలో తీరానికి సమాంతరంగా సాగే ఇసుక మెరకలను గమనించండి. ఒక్కో మెరక ఒక్కో కాలపు సముద్రతీరం. మన పెద్దలు వాటి మీద ఇళ్లు కట్టి, కొబ్బరి వేశారు. మధ్య పల్లాల్లో వరి నాటారు. భూవిజ్ఞానం చదవకుండానే పాత తీరాలను పసిగట్టారు. నేడు ఎగువ ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోతోంది, డెల్టా అంచు చాలా చోట్ల కోతకు గురవుతోంది.

ఇదంతా నిన్నటి సంగతి. రాజమహేంద్రవరం దగ్గర కాటేరు, పంగిడి క్వారీలకు వెళితే అసలు పాత సముద్రం కనిపిస్తుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారివచ్చిన లావా అక్కడ నల్లరాయిగా గడ్డకట్టింది. ఆ రాతి పొరల నడుమ సున్నపురాయి, అందులో ఫోరామినిఫెరా అనే ఏకకణ సముద్రజీవుల గుల్లలు. సూక్ష్మదర్శినిలో తప్ప కనబడవు. డైనోసార్లు అంతరించిన వెంటనే పుట్టుకొచ్చిన రకాలు వాటిలో ఉన్నాయి. మనం మాత్రం ఆ క్వారీల నుంచి రోడ్లకు కంకర తోలుకుంటున్నాం.

ఒక్క మనవి. ఈసారి మీ ఊళ్లో బావి గానీ చెరువు గానీ తవ్వినప్పుడు గుల్లలు వస్తే వెంటనే కడిగేయకండి. ఎన్ని అడుగుల లోతున, ఏ రంగు మట్టిలో, చిప్పలు మూసి ఉన్నాయా విడి ఉన్నాయా రాసిపెట్టండి. గుల్లలోని కార్బన్‌తో వయసు లెక్కగట్టవచ్చు. లోతు రాసుకోకపోతే ఆ లెక్క దేనికీ అతకదు. ఈ ఆల్చిప్ప విషయంలో అదే జరిగింది.