ఫారంలో గడి లేదు, అందుకే లెక్కలో చావు లేదు!

కోవిడ్ రెండో వేవ్‌లో ఆక్సిజన్ కొరతతో ఎవరైనా చనిపోయినట్టు రాష్ట్రాలు ప్రత్యేకంగా చెప్పలేదు. 2021 జూలై 20న రాజ్యసభలో కేంద్రం ఇచ్చిన జవాబు ఇది. ఆ రోజు మీకూ ఒళ్లు మండింది, నాకూ మండింది. కేంద్రాన్ని తిట్టినవాళ్లు కేంద్రాన్ని తిట్టారు, రాష్ట్రాలను తిట్టినవాళ్లు రాష్ట్రాలను తిట్టారు. అసలు దొంగను మాత్రం ఎవరూ పట్టుకోలేదు. ఆ చావులను మింగేసింది ఒక కాగితం. మళ్లీ చెప్తున్నాను, కాగితం!

ఆసుపత్రిలో మనిషి పోతే డాక్టర్ ఫారం 4 నింపాలి. చావుకు కారణం రాసే పత్రం అది. అప్పటికప్పుడు ప్రాణం తీసింది ఏమిటి? దానికి మూలం ఏ జబ్బు? ఇంకేమున్నాయి, షుగరా, బీపీనా? అంతే. సిలిండర్ ఖాళీ అయిందని రాయడానికి అందులో చోటు లేదు, ఎందుకంటే అది జబ్బు కాదు! డాక్టర్ ఏం రాస్తారు? కోవిడ్ న్యుమోనియా, శ్వాస ఆగిపోవడం. రాసింది అబద్ధమేమీ కాదు. కానీ ఆ సంతకం పడ్డాక ట్యాంకర్ ఎందుకు రాలేదని అడిగే దిక్కు ఉండదు. జిల్లా నుంచి రాష్ట్రానికీ, అక్కణ్నుంచి ఢిల్లీకీ వెళ్లేది ఆ కాగితంలో ఉన్నదే. అందుకే ఏ పార్టీ పాలించే రాష్ట్రమైనా ఒకే పాట పాడింది.

తిరుపతి రుయా ఆసుపత్రి గుర్తుంది కదా? మే 10 రాత్రి. ట్యాంకర్ ఆలస్యమైంది, పైపుల్లో ప్రెషర్ పడిపోయింది, 11 మంది పోయారని అధికారులే చెప్పారు. టీవీల్లో రాష్ట్రమంతా చూసింది. అయినా జూలై జవాబులో ఆ ఊసే లేదు! ఆగస్టు 10న గానీ పార్లమెంటుకు ఆ సంగతి చేరలేదు. అప్పుడైనా సూటిగా చెప్పారా? ట్యాంకులో మట్టం తిరిగి పెరిగేలోపు, బ్యాకప్ ఆన్ చేసేలోపు ప్రెషర్ తగ్గిందట. ఊపిరాడక పోయిన మనుషులు ప్లంబింగ్ సమస్య అయిపోయారు.

ఒక్క నిమిషం పక్కకు వెళ్తాను, ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. దేశంలో ఆక్సిజనే లేదనుకుంటున్నారా? మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు ఏప్రిల్ 19న ముంబై పక్కన కలంబోలి నుంచి ఖాళీ ట్యాంకర్లతో బయల్దేరి ఎక్కడికి వచ్చింది? మన విశాఖ ఉక్కుకు! 22న నింపుకుని తిరిగి వెళ్లింది. ఉక్కు ఫ్యాక్టరీల్లో ఆక్సిజన్ ఉంది, మోసుకెళ్లడానికి ట్యాంకర్లు లేవు. నైట్రోజన్, ఆర్గాన్ ట్యాంకర్లను మార్చి వాడాల్సి వచ్చింది. ఆ ప్లాంటును అమ్మొద్దని కార్మికులు పోరాడుతున్న రోజులవి. ఆ పోరాటంలో ఉండి కూడా దేశానికి ఊపిరి పంపారు. వాళ్లకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

సరే, లెక్కల్లోకి రండి. 2020లో దేశంలో నమోదైన మరణాలు, అన్ని కారణాలూ కలిపి, 81 లక్షలు. 2021లో 1.02 కోట్లు. ఇవి నావి కాదు, కేంద్రం 2025 మేలో విడుదల చేసిన లెక్కలు. ఒక్క ఏడాదిలో 21 లక్షలు పెరిగాయి. ఆ ఏడాది కోవిడ్ ఖాతాలో చూపించింది సుమారు 3.3 లక్షలు! రిజిస్ట్రేషన్ మెరుగైంది కాబట్టి పెరిగాయని అంటారు. అంతకుముందు ఏడాది పెరిగింది 5 లక్షల లోపే కదా, ఒక్కసారిగా ఇంత మెరుగైపోయిందా? నేను నమ్మను.

తెలంగాణ సంగతి ఇంకా దారుణం. అధికారిక కోవిడ్ మరణాలు సుమారు 4 వేలు. 50 వేల రూపాయల పరిహారం కోసం 2022 జనవరి నాటికి వచ్చిన దరఖాస్తులు సుమారు 29 వేలు. టెస్టులో పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు పోతే కోవిడ్ మరణమేనన్న నిబంధన రాగానే, ఫారంలో లేనివాళ్లంతా బయటికొచ్చారు.

నేను అడిగేది ఒక్కటే. 2021 ఏప్రిల్, మే నెలల మరణాల రిజిస్టర్లు ప్రతి మున్సిపాలిటీలో, ప్రతి పంచాయతీలో ఉన్నాయి. జిల్లాలవారీగా, రోజువారీగా బయటపెట్టండి. ఏ రాత్రి ఏ ఆసుపత్రిలో ఎంతమంది పోయారో చూస్తే, ట్యాంకర్ రాని రాత్రులు ఏవో చంటి పిల్లాడైనా చెప్పేస్తాడు.