బూటబుల్ పెన్ డ్రైవ్ సాధనాల రివ్యూ: రూఫస్, వెంటాయ్, ఎచర్‌లలో పొరపాటు జరగబోతుంటే మనల్ని ఆపేది ఏది?

నమస్కారం. కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తగా ఎక్కించుకోవడానికి బూటబుల్ పెన్ డ్రైవ్, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే దాని నుంచే మొదలయ్యేలా సిద్ధం చేసిన పెన్ డ్రైవ్, తయారుచేసే మూడు సాధనాలను ఈ వీడియోలో పరిశీలిస్తున్నాను. అవి రూఫస్, వెంటాయ్, బలేనా ఎచర్. మూడూ ఉచితంగా దొరికేవే, అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు మూడూ పని పూర్తిచేసేవే. అందువల్ల వేగాన్ని బట్టో, కనిపించే తీరును బట్టో వీటికి మార్కులు వేయడం నాకు సరైన పద్ధతిగా అనిపించలేదు. ఈ పనిలో సాధారణంగా జరిగే పొరపాట్లు కొన్నే ఉన్నాయి: డౌన్‌లోడ్ పాడైన సంగతి గమనించకపోవడం, ఒక డ్రైవ్ బదులు మరో డ్రైవ్‌ను చెరిపేయడం, కంప్యూటర్‌కు సరిపడని పద్ధతిలో రాయడం, రాయడం పూర్తికాకముందే డ్రైవ్‌ను లాగేయడం. అటువంటి పొరపాటు జరగబోతున్నప్పుడు సాధనం మనల్ని ఆపుతుందా లేదా అన్నదే ఈ రివ్యూలో నా కొలమానం.

ఐఎస్ఓ ఫైల్‌ను మామూలు ఫైల్ మాదిరిగా పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసి, కంప్యూటర్ దానినుంచి బూట్ కావడం లేదని బాధపడేవారు చాలామంది ఉంటారు. ఐఎస్ఓ అంటే ఒక డిస్క్ మొత్తానికి తీసిన నకలు. కంప్యూటర్ ఆ నకలును తెరిచి లోపల వెతకదు. కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే లోపలి ప్రోగ్రామ్‌ను ఫర్మ్‌వేర్ అంటారు; అందులో బయోస్ పాత రకం, యూఈఎఫ్ఐ కొత్త రకం. పాత బయోస్ ఉన్న కంప్యూటర్ డ్రైవ్‌లోని మొట్టమొదటి సెక్టార్‌ను, అంటే తొలి 512 బైట్లను చదివి, సాధారణంగా వాటి చివరి రెండు బైట్లలో 55, ఏఏ అనే గుర్తు ఉందో లేదో చూసి, ఉంటే అక్కడి కోడ్‌ను నడుపుతుంది. యూఈఎఫ్ఐ ఉన్న కొత్త కంప్యూటర్ మరో దారిలో వెళుతుంది: అది ఫ్యాట్ అనే పద్ధతిలో ఫైళ్లను సర్దిన పార్టిషన్‌లో, అంటే డ్రైవ్‌లోని ఒక భాగంలో, ఈఎఫ్ఐ అనే ఫోల్డర్‌నూ, అందులో బూట్ అనే ఫోల్డర్‌నూ, అందులో బూట్‌ఎక్స్64 డాట్ ఈఎఫ్ఐ అనే ఫైల్‌నూ వెతికి, దొరికితే దానిని నడుపుతుంది. ఈ సాధనాలన్నీ చేసేది, కంప్యూటర్ ఎక్కడ వెతుకుతుందో అక్కడ దానికి కావలసింది ఉండేలా డ్రైవ్‌ను సిద్ధం చేయడమే. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే, తరువాత తెరమీద కనిపించే ఆప్షన్లలో దేనికి అర్థమేమిటో మీకే తెలిసిపోతుంది.

సాధనాల దగ్గరకు వెళ్లే ముందు డౌన్‌లోడ్ గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. ఒకసారి ఒక లాప్‌టాప్‌లో ఇన్‌స్టలేషన్ సగం దాటాక ఏదో ఫైల్ చదవలేకపోతున్నానంటూ ఆగిపోయింది. పెన్ డ్రైవ్ మార్చాను, మళ్లీ రాశాను, మళ్లీ దాదాపు అక్కడే ఆగింది. లాప్‌టాప్ మెమొరీలో లోపం ఉందేమోనని పరీక్ష పెట్టి రాత్రంతా నడిపాను, ఏ తప్పూ రాలేదు. చివరికి ఐఎస్ఓ ఫైల్ హాష్, అంటే ఫైల్‌లోని మొత్తం డేటా నుంచి లెక్కించే వేలిముద్ర వంటి గుర్తు, లెక్కించి చూస్తే, విడుదల చేసినవారి పేజీలో ఉన్న దానితో అది కలవలేదు. డౌన్‌లోడ్‌లోనే పాడైన ఫైల్‌ను నేను మూడు సార్లు అత్యంత శ్రద్ధగా పెన్ డ్రైవ్‌లోకి రాశానన్నమాట. ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ అంటే 64 అక్షరాల ఒక వరుస. అందులో 0 నుంచి 9 వరకు అంకెలు, ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలు మాత్రమే ఉంటాయి. ఫైల్‌లో ఒక్క బిట్ మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే ఆదేశంతోనూ, లినక్స్‌లో ఎస్‌హెచ్‌ఏ256సమ్ అనే ఆదేశంతోనూ దానిని లెక్కించవచ్చు. మొదటి నాలుగు అక్షరాలు చూసి సరిపోయిందనుకోకుండా మొత్తం వరుసను పోల్చండి.

ఇప్పుడు రూఫస్. ఇది విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. 2011లో మొదలైన ఈ సాధనాన్ని పీట్ బటార్డ్ అనే డెవలపర్ ఇప్పటికీ నిర్వహిస్తున్నారు. దీనిని ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. కొద్ది మెగాబైట్ల ఒకే ఒక్క ఫైల్, రెండుసార్లు నొక్కితే తెరుచుకుంటుంది. తెరమీద చూడండి, పైన డివైస్ అన్నచోట మనం పెట్టిన పెన్ డ్రైవ్ పేరు, సైజు కనిపిస్తున్నాయి. నేను కావాలనే పక్క పోర్టులో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ను కూడా పెట్టాను, అయినా ఈ జాబితాలో అది లేదు. యూఎస్‌బీ హార్డ్ డిస్కులను చూపించమని మనం ప్రత్యేకంగా టిక్ పెడితే తప్ప రూఫస్ వాటిని చూపించదు. సంవత్సరాల తరబడి దాచుకున్న ఫోటోలు ఎక్కువగా ఉండేది అటువంటి డిస్కుల్లోనే కనుక, ఈ ఒక్క నిర్ణయానికే నేను ఈ సాధనాన్ని గౌరవిస్తాను.

ఐఎస్ఓను ఎంచుకునే సెలెక్ట్ బటన్ పక్కన చిన్న టిక్ గుర్తు ఒకటి ఉంది. చాలామంది దానిని గమనించరు. దానిని నొక్కితే ఇందాక చెప్పిన హాష్‌ను రూఫస్సే లెక్కించి చూపిస్తుంది. అయితే దానంతట అది ఈ పని చేయదు, మనం అడగాలి; లెక్కించిన హాష్‌ను పేజీలో ఉన్న దానితో పోల్చడం కూడా మన వంతే.

కొత్తవారు ఎక్కువగా తడబడేది పార్టిషన్ స్కీమ్ దగ్గర. ఇది డ్రైవ్‌లోని భాగాల వివరాలను రాసిపెట్టే పద్ధతి; ఇక్కడ జీపీటీ, ఎంబీఆర్ అని రెండు ఉంటాయి. గత పదేళ్లలో వచ్చిన కంప్యూటర్లలో అత్యధికం యూఈఎఫ్ఐ పద్ధతివే కనుక జీపీటీ సరిపోతుంది. బయోస్ మాత్రమే ఉన్న పాత యంత్రానికైతే ఎంబీఆర్ ఎంచుకోవాలి. ఏది ఎంచుకున్నామో దానినిబట్టి పక్కన ఉన్న టార్గెట్ సిస్టమ్ మారుతుంది కాబట్టి, పొంతనలేని జంటను మనం ఎంచుకునే అవకాశం తక్కువ. మన కంప్యూటర్ ఏ రకమో తెలియకపోతే విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి, బయోస్ మోడ్ అన్న వరుసలో యూఈఎఫ్ఐ అని ఉందో, లెగసీ అని ఉందో చూస్తే చాలు. మీరు తప్పకుండా పోల్చుకోవాల్సింది డ్రైవ్‌ను తయారుచేస్తున్న కంప్యూటర్‌తో కాదని, దానిని పెట్టబోయే కంప్యూటర్‌తోనని గుర్తుంచుకోండి.

ఫైల్ సిస్టమ్, అంటే డ్రైవ్‌లో ఫైళ్లను సర్దే పద్ధతి, దాని విషయం మరికొంచెం లోతైనది. యూఈఎఫ్ఐ ప్రమాణం ప్రకారం ఫర్మ్‌వేర్ తప్పనిసరిగా చదవగలిగేది ఫ్యాట్ కుటుంబాన్నే. కానీ ఫ్యాట్32లో ఒక్కో ఫైల్ 4 గిగాబైట్లకు మించకూడదు. విండోస్ ఐఎస్ఓలో సోర్సెస్ అనే ఫోల్డర్‌లో ఉండే ఇన్‌స్టాల్ డాట్ విమ్ అనే ఫైల్ తరచుగా ఆ హద్దు దాటుతుంది. చేత్తో కాపీ చేసి బూటబుల్ డ్రైవ్ చేద్దామనుకున్నవారు సరిగ్గా ఇక్కడే చిక్కుకుపోతారు. రూఫస్ ఇందుకు చేసే ఏర్పాటు నాకు చాలా నచ్చింది: పెద్ద పార్టిషన్‌ను ఆ హద్దు లేని ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో తయారుచేసి, డ్రైవ్ చివర ఒక అతి చిన్న ఫ్యాట్ పార్టిషన్ పెట్టి, అందులో ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదవగలిగే చిన్న లోడర్‌ను ఉంచుతుంది. ఫర్మ్‌వేర్ ఆ చిన్న పార్టిషన్‌ను చదువుతుంది, అందులోని లోడర్ పెద్ద పార్టిషన్ తలుపు తీస్తుంది. మన పెన్ డ్రైవ్‌లో మనం పెట్టని పార్టిషన్ ఒకటి కనిపిస్తే వైరస్ అనుకుని భయపడవద్దు, అది ఇదే.

విండోస్ 11 ఐఎస్ఓ పెట్టి స్టార్ట్ నొక్కితే మరో కిటికీ తెరుచుకుంటుంది. టీపీఎం 2.0 (భద్రతా కీలను దాచే చిప్), సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం ఉన్న బూట్ ప్రోగ్రామ్‌లనే నడవనిచ్చే ఏర్పాటు), 4 గిగాబైట్ల మెమొరీ అనే నిబంధనలను తొలగించమంటారా అని అది అడుగుతుంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక ఈ ఆప్షన్‌కు గిరాకీ పెరిగింది. ఇది పనిచేస్తుంది, అయితే ఆ నిబంధనలకు సరిపడని యంత్రానికి అప్‌డేట్లు అందుతాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వడం లేదు. రోజూ బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటర్‌లో ఈ దారి పట్టమని నేను సలహా ఇవ్వను. పాత యంత్రానికి ఇంకా ప్రాణం ఉందనుకుంటే లినక్స్‌ను పరీక్షించి చూడండి.

లినక్స్ ఐఎస్ఓ పెట్టినప్పుడు ఐఎస్ఓ మోడ్‌లో రాయాలా, డీడీ మోడ్‌లో రాయాలా అని రూఫస్ అడగవచ్చు. మొదటిదానిలో ఫైళ్లను విప్పి డ్రైవ్‌లో సర్దుతుంది. రెండోదానిలో నకలును బైటు బైటుగా ఉన్నదున్నట్టు దించుతుంది. మొదటిదానితో మొదలుపెట్టి, బూట్ కాకపోతేనే రెండోదానికి వెళ్లండి. డీడీ మోడ్‌లో రాసిన డ్రైవ్‌ను తిరిగి విండోస్‌లో పెడితే, ఫార్మాట్ చేయాలా అని అడగవచ్చు. చేయమన్నారంటే అప్పటిదాకా చేసిన పనంతా పోతుంది, కాబట్టి క్యాన్సిల్ నొక్కండి.

రెండోది వెంటాయ్. 2020లో వచ్చిన ఈ సాధనం ఆలోచననే మార్చేసింది. పెన్ డ్రైవ్‌లో దీనిని ఒక్కసారి ఇన్‌స్టాల్ చేస్తే రెండు పార్టిషన్లు ఏర్పడతాయి. పెద్దది మామూలుగా ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌లో ఉంటుంది, రెండోది 32 మెగాబైట్లది, అందులో వెంటాయ్ బూట్ కోడ్ ఉంటుంది. ఆ తరువాత ఎన్ని ఐఎస్ఓలైనా పెద్ద పార్టిషన్‌లోకి మామూలుగా కాపీ చేస్తే చాలు, బూట్ అయినప్పుడు వాటన్నిటి జాబితా తెరమీదకు వస్తుంది. విండోస్ ఒకటి, రెండు మూడు లినక్స్‌లు, మెమొరీ పరీక్ష, డిస్క్ నకలు తీసే సాధనం, ఇవన్నీ ఒకే డ్రైవ్‌లో పట్టుకు తిరగవచ్చు. తరచుగా కంప్యూటర్లు బాగుచేసేవారికి దీనికి మించిన తోడు లేదు. జాబితాలో ఒక ఐఎస్ఓ మీద నిలిచి ఎమ్ కీ నొక్కితే, డ్రైవ్‌లో ఉన్న ఆ ఫైల్‌కు అక్కడికక్కడే హాష్ లెక్కించి చూపిస్తుంది. నా దృష్టిలో ఇది చాలా విలువైన సౌకర్యం, ఎందుకంటే డౌన్‌లోడ్ బాగుండి కాపీలో పాడైన సందర్భం కూడా ఇక్కడ బయటపడుతుంది.

అయితే కాపీ అన్న మాటలోనే ఒక ప్రమాదం ఉంది. ముఖ్యంగా లినక్స్‌లో కాపీ కిటికీ వంద శాతం చూపించి మాయమైనా, డేటాలో కొంత భాగం ఇంకా మెమొరీలోనే ఉండి మెల్లగా పెన్ డ్రైవ్‌లోకి దిగుతూ ఉంటుంది. అప్పుడు లాగేస్తే చివరి భాగం రాయకుండానే మిగిలిపోతుంది. ఎజెక్ట్ నొక్కి, తీయవచ్చని చెప్పేవరకూ ఆగండి. ఈ పొరపాటు నుంచి వెంటాయ్ మనల్ని కాపాడలేదు, ఎందుకంటే కాపీ చేస్తున్నది అది కాదు.

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్న కంప్యూటర్‌లో వెంటాయ్ మొదటిసారి బూట్ అయినప్పుడు వెరిఫికేషన్ ఫెయిల్డ్ అనే నీలి తెర రావచ్చు. డ్రైవ్ పాడైందని చాలామంది అక్కడే ఆగిపోతారు. నిజానికి ఆ తెర తరువాత వచ్చే మెనూలో, డ్రైవ్ చిన్న పార్టిషన్‌లో ఉన్న కీని, అంటే వెంటాయ్‌ను నమ్మవచ్చని కంప్యూటర్‌కు చెప్పే డిజిటల్ గుర్తును, ఎంచుకుని నమోదు చేస్తే, ఆ కంప్యూటర్‌లో మళ్లీ ఆ ప్రశ్న రాదు. ఇతరుల కంప్యూటర్‌లో ఇలా కీ నమోదు చేసే ముందు వారి అనుమతి అడగడం సభ్యత. వెంటాయ్‌లో ముందే కంపైల్ చేసిన, అంటే మూలకోడ్ రూపంలో కాకుండా నడిచే రూపంలోనే ఉన్న, బైనరీ ఫైళ్లు చేర్చి ఉండడం మీద ఓపెన్ సోర్స్ వర్గాల్లో చర్చ జరిగిందన్న సంగతి కూడా మీకు చెప్పడం నా బాధ్యత. నేను వాడుతున్నాను, ఆఫీసు కంప్యూటర్ల మీద వాడాలంటే మాత్రం అక్కడి ఐటీ విభాగాన్ని అడుగుతాను.

ఎచర్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, ఫైల్ ఎంచుకోవడం, డ్రైవ్ ఎంచుకోవడం, రాయడం అనే మూడు మెట్లే ఉంటాయి. కంప్యూటర్ సొంత డిస్కులను జాబితాలో దాచిపెడుతుంది, మామూలు కంటే పెద్ద డ్రైవ్ ఎంచుకుంటే హెచ్చరిస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, రాసిన తరువాత డ్రైవ్‌ను తిరిగి చదివి సరిచూస్తుంది. ఆ దశలో స్కిప్ అనే మాట కనిపిస్తుంది. సమయం వృథా అనుకుని దానిని నొక్కితే, ఈ సాధనాన్ని ఎంచుకున్న ప్రయోజనమే పోతుంది. విండోస్ ఐఎస్ఓకు మాత్రం ఇది పనికిరాదు, ఆ సంగతి అదే హెచ్చరిస్తుంది కూడా.

రాయడం పదే పదే విఫలమవుతుంటే పెన్ డ్రైవ్‌నే అనుమానించండి. లోపల ఉన్నదానికంటే ఎక్కువ కెపాసిటీ చూపించే నకిలీ డ్రైవ్‌లు ఉన్నాయి. రూఫస్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో బ్యాడ్ బ్లాక్స్ (పాడైన భాగాలు) పరీక్ష ఉంది. అది గంటల సమయం తీసుకోవచ్చు, కానీ అటువంటి నకిలీలను కూడా పట్టుకుంటుంది.

నా తీర్పు ఇది. విండోస్ ఎక్కించడానికి రూఫస్ వాడండి. లినక్స్‌ను మొదటిసారి ప్రయత్నిస్తున్నవారు, మ్యాక్ నుంచి డ్రైవ్ తయారుచేసేవారు ఎచర్ వాడండి. నెలకు రెండు మూడుసార్లయినా ఈ పని పడేవారు మంచి డ్రైవ్ ఒకటి వెంటాయ్‌కు కేటాయించుకోండి. పొరపాటును ఆపడంలో మాత్రం నేను మొదటి స్థానం ఎచర్‌కే ఇస్తాను, ఎందుకంటే రాసినదాన్ని మనం అడగకుండానే తిరిగి చదివి చూసేది ఈ మూడింటిలో అదొక్కటే.

డ్రైవ్ సిద్ధమయ్యాక కంప్యూటర్ ఆన్ చేసి బూట్ మెనూ కీ నొక్కాలి. అది తయారీదారును బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎఫ్8, ఎస్కేప్ వంటివాటిలో ఏదో ఒకటై ఉంటుంది. సెక్యూర్ బూట్ వంటి సెట్టింగులు మార్చే ముందు విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి, లేకపోతే మీ డేటా మీకే అందకుండా పోవచ్చు. ఇన్‌స్టలేషన్ తెర వచ్చాక అసలు డిస్క్ కనిపించకపోతే ఎస్ఎస్‌డీ చెడిపోయిందని అనుకోవద్దు. కొన్ని ఇంటెల్ లాప్‌టాప్‌లలో డిస్కులను నడిపే వీఎండీ అనే ఏర్పాటుకు డ్రైవర్ విడిగా ఇవ్వాలి. లాప్‌టాప్ తయారీదారు పేజీ నుంచి ఆ డ్రైవర్‌ను ముందే తీసుకుని, విప్పి, ఇదే పెన్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టుకుంటే, లోడ్ డ్రైవర్ నొక్కి దానిని చూపించవచ్చు. మొదటి రీస్టార్ట్ తరువాత మళ్లీ మొదటి తెరే వస్తే, కంప్యూటర్ తిరిగి పెన్ డ్రైవ్ నుంచే బూట్ అయిందని అర్థం. కంప్యూటర్ ఆపేసి, డ్రైవ్ తీసి, మళ్లీ ఆన్ చేయండి. ఇన్‌స్టలేషన్ ఆగినచోటి నుంచి కొనసాగుతుంది.